నిద్రపోని ద్రాక్ష

మా సాయిలు మామ నిద్రపోయి ఆ రోజుకు యాభై మూడు రోజులు.

నేను తూముగూడ చేరేసరికి పొద్దున పదైంది. మామ పెరట్లో కరివేపాకు చెట్టును కత్తిరిస్తున్నాడు. అందులో కత్తిరించడానికి ఇంకేమీ మిగల్లేదు, అయినా కత్తిరిస్తున్నాడు. జామచెట్టు అంతకు ముందు వారమే మోడైంది. పక్కింటివాళ్ళ గోరింట కంచె కూడా అయిపోయింది, దాని మీద జరగాల్సిన గొడవా జరిగిపోయింది. అత్తమ్మ కత్తెర దాచేస్తే కూరగాయల కత్తి పట్టుకున్నాడట. అదీ దాచేస్తే గోళ్ళతో చిగుళ్ళు గిల్లడం మొదలుపెట్టాడట. వేళ్ళు నెత్తురు కారుతుంటే చూడలేక అత్తమ్మే మళ్ళీ కత్తెర తెచ్చి చేతిలో పెట్టింది.

"వచ్చినవా బిడ్డా? కూసో. గీ కొమ్మ అయిపోంగనే వస్త. గీ కొమ్మ ఒక్కటే" అన్నాడు మామ. కళ్ళు ఎర్రబడి లోపలికి పోయాయి. చెంపలు జారాయి. చేతులు మాత్రం ఒక్క క్షణం ఆగడం లేదు.

నర్సవ్వ అత్తమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. "పెద్ద దవఖానల ఇచ్చిన గోలీలు రెండు రెండు ఏసిన. ఒక్క రెప్ప వాలలె. బువ్వ తింటడు, తిరుగుతడు, మాట్లాడతడు, పండుకోడు. ఏం రోగమే ఇది వినోదా? ఇంత సదువుకున్నవు, నువ్వన్న జెప్పు."

"ఇంకో డాక్టర్‌ను అడుగుత అత్తమ్మా" అన్నాను.

పచ్చి అబద్ధం. ఆ రోగం ఏమిటో నాకు తెలుసు. దాన్ని తయారుచేసిన నలుగురిలో నేనొకదాన్ని. దానికి పేరు పెట్టింది కూడా నేనే.

*

ద్రాక్ష తీగకు నిద్ర కావాలి. ఫ్రాన్సులో అయినా, జార్జియాలో అయినా, అర్జెంటీనా కొండల కింద అయినా చలికాలం రాగానే తీగ ఆకులన్నీ రాల్చేసి మూడు నాలుగు నెలలు కట్టెలా పడి ఉంటుంది. చలి తీరాక లేచి, ఒక్కసారిగా అన్ని కణుపుల్లో చిగురిస్తుంది. వైన్ పండించే దేశాల పంచాంగమంతా ఈ నిద్ర మీదే నడిచింది. ఆ తర్వాత చలికాలాలు పలచబడ్డాయి. ఫ్రాన్సులోని రోన్ లోయలో మూడేళ్ళు వరసగా జనం జనవరిలో ఉత్త చొక్కాలతో తిరిగారు. తీగలకు సరిగా నిద్ర పట్టలేదు, పట్టలేదు కాబట్టి సరిగా లేవనూ లేదు. ఒక కణుపు మార్చిలో కళ్ళు తెరిచింది, ఇంకోటి మేలో, మిగతావి తెరవనే లేదు. తాతల నాటి తోటలు పీకి పొద్దుతిరుగుడు వేసుకున్నారు.

మన దగ్గర ఈ బాధ లేదు, ఎందుకంటే మన తీగ అసలు నిద్రే ఎరగదు. మేడ్చల్ పక్కన చలి ఎప్పుడు ఉంది గనక! ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, మొగ్గలకు మందు పూసి, రెక్క పట్టుకుని లేపి పనిచేయిస్తాం. అందుకే ఇక్కడి తీగ పదిహేను, ఇరవై ఏళ్ళకు అలసిపోయి చచ్చిపోతుంది. అక్కడ యాభై ఏళ్ళ తీగంటే నడివయసు.

మా మామ పందిరి మీది అనాబ్ షాహి తీగ ఒక్కటి మాత్రం చావలేదు. నలభై ఆరేళ్ళది. దాని చుట్టూ ఉన్న తోటలన్నీ ప్లాట్లయ్యాయి, ఫంక్షన్ హాళ్ళయ్యాయి. మామ పనిచేసిన తోట యజమాని కూడా అమ్ముకుని వెళ్ళిపోతూ, ముప్పై ఏళ్ళు కత్తిరింపు మేస్త్రీగా చేసినందుకు రెండెకరాలు, ఆ తీగా మామకు వదిలేశాడు. అమ్మ పోయాక నన్ను పెంచింది మామా, అత్తమ్మా. నేను ఆ పందిరి కిందే ఏ బీ సీ డీలు దిద్దాను. పరిశోధనలో చేరాక మొదట చేసిన పని, ఆ తీగ ఎందుకు చావలేదో చూద్దామని దాని కట్టె ముక్క ఒకటి ల్యాబుకు పట్టుకెళ్ళడం.

కట్టె లోపల, నీళ్ళు నడిచే గొట్టాల్లో, ఒక సూక్ష్మజీవి కాపురం పెట్టి ఉంది. తీగకు నిద్ర అవసరం లేకుండా చేసే పదార్థాన్ని అది కొంచెం కొంచెంగా వదులుతోంది. మేము దాన్ని మూడేళ్ళు పెంచాం, మార్చాం, బలం ఎక్కించాం. మా ల్యాబులో ఒక గాజు గదిలో రోన్ లోయ నుంచి తెచ్చిన సీరా రకం వైన్ ద్రాక్ష తీగలుండేవి. రెండేళ్ళుగా చిగురన్నది లేకుండా ఎండుపుల్లల్లా నిలబడి ఉన్నాయి. వాటి మొదళ్ళలో సన్నటి రంధ్రం చేసి, సిరంజితో ఆ ద్రావణం ఎక్కించాను. తొమ్మిదో రోజు పొద్దున మా డైరెక్టర్ భుజంగరావు గారి కేక మేడ మీదకు వినబడింది.

"వినోదా! ఇట్రామ్మా! చూడు చూడు, పాలపన్నులా ఎంత ముద్దొస్తోందో చూడు!"

నిజంగానే కణుపులో తెల్లటి మొన. మధ్యాహ్నానికి పదకొండు కణుపుల్లో పదకొండు మొనలు. ఆయన ల్యాబు మొత్తానికి మిరపకాయ బజ్జీలు తెప్పించి, తనే ఆరు తిని, మర్నాడు కడుపు పట్టుకుని సెలవు పెట్టారు. అంత సంతోషం నేను మళ్ళీ చూడలేదు. ఆ సూక్ష్మజీవికి 'జాగారం' అని పేరు పెట్టాను. పరదేశాల వాళ్ళకు నోరు తిరగక 'జగరామ్' అనేవారు. పోనీలే అనుకున్నాను.

*

ఇప్పుడు మా వాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. దానికోసమే ఇదంతా చెబుతున్నాను.

కత్తిరింపుకు ముందు తోటకు నిండా నీళ్ళు పెడతారు. అప్పుడు తీగను కోస్తే కోసినచోట చుక్క చుక్కగా నీరు కారుతుంది. తీగ ఏడుస్తోందంటారు. ప్రతి వరసలో మొదటి తీగను మేస్త్రీ కోస్తాడు. మిగతా కూలీలు కత్తెరలు పట్టుకుని నిలబడతారు. మేస్త్రీ ఆ చుక్కను నాలుకతో అందుకుంటాడు. చప్పగా ఉంటే తీగ లేచినట్టు. వగరు తగిలితే ఇంకా లేవలేదు, వారం ఆగాలి. "లేసింది" అని మామ అన్నాకే వరసంతా కత్తెరలు కదిలేవి. నోరు పెట్టే హక్కు మేస్త్రీ ఒక్కడిదే. నాకు ఏడేళ్ళప్పుడు మామ నన్ను భుజం మీద ఎక్కించుకుని, ఎవరూ చూడకుండా ఒక చుక్క నాకించాడు. చెప్పొద్దూ, నాకు రుచేమీ తెలియలేదు. కానీ ఆ రోజు బడిలో మేస్త్రీనని చెప్పుకు తిరిగాను.

చాలా ఏళ్ళ తర్వాత రోన్ లోయలో ద్రాక్ష శాస్త్రవేత్తల సమావేశానికి వెళ్ళినప్పుడు, భోజనాల దగ్గర గొప్పగా ఈ సంగతి చెప్పాను. పక్కన కూర్చున్న కుర్ర శాస్త్రవేత్త గట్టిగా నవ్వి, "అంటే మీ దగ్గర కొలిచే పరికరాలు లేవా?" అన్నాడు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు ఇప్పటికీ మండేది వాళ్ళ నవ్వు తలచుకుని కాదు, నాది తలచుకునే.

తిరిగొచ్చిన నెలకు భద్రతా పత్రం నింపాల్సి వచ్చింది. కొత్త జీవిని పొలంలోకి వదిలేముందు దాన్ని తాకబోయే మనుషుల గురించి ఇరవై రెండు ప్రశ్నలు. పద్నాలుగోది: పనివారు మొక్క రసాన్ని నోటితో గాని, కంటితో గాని తాకే అవకాశం ఉందా? ఉంటే ఏడాది పాటు అదనపు పరీక్షలు జరపాలి.

'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టాను. అర సెకను పట్టింది. మరిచిపోయి పెట్టానని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గుర్తుండే పెట్టాను. ఆ కాగితం ఆరు దేశాలకు వెళుతుంది, మా మామ నాలుక సంగతి ఆరు దేశాల్లో చదువుతారు, మళ్ళీ నవ్వుతారు. అంతే. ఆ నవ్వుకు జడిసి పెట్టాను.

*

పొలం పరీక్షలు నాలుగు దేశాల్లో మొదలయ్యాయి. మన దేశంలో ఎక్కడ చేద్దామంటే నేనే తూముగూడ అన్నాను. మామ రెండెకరాల్లో ముప్పై రెండు వరసలు వైన్ ద్రాక్ష నాటించి, మొదళ్ళలో జాగారం ఎక్కించాం. మామకు వైన్ అంటే పిల్లల దగ్గు మందుతో సమానం. ఒకసారి రుచి చూసి, "దీనికా గింత లొల్లి? కల్లు నయం" అన్నాడు. కానీ తన పాత తీగలో దొరికిన దానితో ప్రపంచంలో తోటలు బతుకుతాయంటే మాత్రం మురిసిపోయాడు. బస్టాండులో కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు.

అక్టోబరు కత్తిరింపు నాడు నేను మామ పక్కనే ఉన్నాను. చేతులకు గ్లవుసులు ఇచ్చాను. బుద్ధిగా తొడుక్కున్నాడు. మొదటి తీగ కోశాడు. చుక్క ఊరింది. గ్లవుసు చేతితోనే తీగ వంచి నాలుకతో అందుకున్నాడు.

"లేసింది" అన్నాడు.

నేను ఆపలేదు. కూలీలు పాతికమంది చూస్తున్నారు, ఆయన వాళ్ళ మేస్త్రీ. పైగా మొక్కల్లో బతికేది మనిషిలో ఎక్కడ బతుకుతుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. చిన్నప్పుడు నేను మాత్రం నాకలేదా, ఏమైందని! మేము దానికి ఎంత బలం ఎక్కించామో ఆ నిమిషంలో నాకు జ్ఞాపకం రాలేదు, లేదా రానివ్వలేదు. మామ ముప్పై రెండు వరసలకూ ముప్పై రెండుసార్లు నోరు పెట్టాడు. తన పాత తీగను కూడా అదే కత్తెరతో కత్తిరించాడు.

దీపావళికల్లా మామ నాలుగు గంటలే పడుకుంటున్నాడని అత్తమ్మ ఫోనులో చెప్పింది, గొప్పగానే చెప్పింది. "పడుసు పిలగానోలె ఉరుకుతున్నడే మీ మామ" అని నవ్వింది. ఇంటికి సున్నం వేశాడు, బావి పూడిక తీశాడు, పందిరి రాళ్ళు మార్చాడు. అరవై ఏడేళ్ళ మనిషి. సంక్రాంతి దాటాక మూడు గంటలు, శివరాత్రికి రెండు. ఏప్రిల్లో మళ్ళీ కత్తిరింపు, మళ్ళీ ముప్పై రెండు చుక్కలు. ఆ తర్వాత అసలు లేదు.

*

పెరట్లో కరివేపాకు చెట్టు చూసిన ఆ రోజే, దగ్గు పరీక్ష అని చెప్పి మామ ఉమ్మి ఒక సీసాలో పట్టించి ల్యాబుకు తీసుకెళ్ళాను. రెండు రోజుల్లో తేలింది. జాగారం ఉంది, మామూలుగా కాదు, పుష్కలంగా ఉంది.

కాగితం తీసుకుని భుజంగరావు గారి గదిలోకి వెళ్ళి అన్నీ చెప్పాను. పద్నాలుగో ప్రశ్న సంగతి కూడా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. అరవలేదు. అరిచి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"చూడమ్మా" అన్నారు చివరికి. "మీ మామయ్యకు ఏ వైద్యం కావాలన్నా ల్యాబు తరఫున చేయిద్దాం, నేను దగ్గరుండి చూస్తాను. కానీ పన్నెండు రోజుల్లో ఆమోద సమావేశం ఉంది. జూలైలో అర్జెంటీనాలో మెండోజా తోటల్లో, దక్షిణాఫ్రికాలో స్టెల్లెన్‌బాష్ తోటల్లో తీగలకు ఎక్కించాలి. ఇప్పుడు ఆపితే వాళ్ళకు ఇంకో ఏడాది పోతుంది. ఎన్ని కుటుంబాలు తోటలు పీకేస్తున్నాయో నీకూ తెలుసు కదా."

"సెప్టెంబరులో అక్కడ వసంతం, తీగలు ఏడుస్తాయండీ. అప్పుడు ఎవరైనా..."

"ఎవరు నాకుతారమ్మా తీగను? అది మీ మామయ్య ఒక్కడి అలవాటు. డబ్బా మీద హెచ్చరిక ముద్రిద్దాం."

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాటకు నా గుండె తేలికపడింది. నిజమే, ఎవరు నాకుతారు? మా తూముగూడ వాళ్ళు తప్ప! ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను.

*

మర్నాడు పరీక్ష తోటల వాళ్ళతో వారం వారం జరిగే వీడియో మాటలు. జార్జియాలో కఖేతీ అనే ప్రాంతం ఉంది. వైన్‌ను మట్టి జాడీల్లో పోసి భూమిలో పాతిపెట్టే ఊళ్ళు. అక్కడి మా పరీక్ష తోట ఎతేరి అనే పెద్దావిడది. ఆవిడ తన భాషలో మాట్లాడుతుంటే యంత్రం తెలుగు చేసి చెప్పేది. ఆ యంత్రానికి ఎవరు నేర్పారో గానీ పాతకాలపు పాఠ్యపుస్తకంలా మాట్లాడేది. ఎప్పుడూ నాకు నవ్వొచ్చేది.

చిగుళ్ళ కొలతలు, ఆకుల రంగు అన్నీ అయ్యాక ఎతేరి ఫోను కట్టేయకుండా కూర్చుంది.

"ఒక గృహ విషయము అడుగవచ్చునా?" అంది యంత్రం. "నా భర్త వానో గత రెండు మాసములుగా నిద్రించుట లేదు. తోటలోని రాళ్ళన్నియు ఏరి గోడ కట్టినాడు. ఇప్పుడు ఆ గోడను విప్పి మరల కట్టుచున్నాడు. మీ దేశమున నిద్రకు మంచి మూలికలు కలవని వింటిని."

"ఆయన తీగ నీరు నోట్లో వేసుకుంటారా?" అని అడిగాను.

ఎతేరి నవ్వింది. "నోటిలోనా? ఛీ ఛీ. అది కన్నులకు. వసంతమున తీగ కన్నీటితో కన్నులు తుడుచుకొనిన చూపు చెడదు. మా అత్తగారు, వారి అత్తగారు అట్లే చేసిరి. మా మనుమరాలికి కూడ తుడిచెదము. ఈ సంవత్సరము దానికి జ్వరముగా నుండుటచే తోటకు తేలేదు."

"తేవద్దు" అన్నాను. గట్టిగా అరిచానేమో, పక్క గదిలోంచి ఎవరో తొంగి చూశారు. "ఆ పిల్లను తోటకు తేవద్దు. వానో గారిని కూడా తీగల దగ్గరకు వెళ్ళనివ్వకండి. ఎందుకో ఈ వారంలోనే నేనే చెబుతాను."

ఆ మధ్యాహ్నం నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. నడవాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాను. తర్వాత నాకు తెలిసిన ప్రతి వైన్ ప్రాంతానికీ ఫోను చేశాను. పరికరాలు పెట్టుకుని మాట్లాడే శాస్త్రవేత్తలకు కాదు, కత్తెర పట్టేవాళ్ళకు. ఒకటే ప్రశ్న: తీగ ఏడ్చినప్పుడు మీరేం చేస్తారు?

మెండోజాలో ఒక ముసలాయన, చేతులు మంట పుడితే ఆ నీరు రాసుకుని అవే చేతులతో రొట్టె తింటాం అన్నాడు. స్టెల్లెన్‌బాష్‌లో ఒక కూలీల ముఠా పెద్ద, రెండు చేతులతో తీగ కట్టాలి కదా, కోసిన పుల్ల పళ్ళ మధ్య పెట్టుకుంటాం, ఇంకెక్కడ పెట్టుకుంటాం అని నన్నే అడిగాడు. రోన్ లోయలో, నన్ను చూసి నవ్విన ఆ కుర్రవాడి ఊళ్ళోనే, ఒక ఆవిడ తన అమ్మమ్మ ఆ నీటిని సీసాలో పట్టి మొహానికి రాసుకునేదని, ఇప్పుడు తానూ రాసుకుంటోందని చెప్పింది. ఎవరికి చెప్పినా నవ్వుతారండీ, మీరు కూడా ఎక్కడా చెప్పకండి అంది.

ఆ రాత్రి అన్ని దేశాల శాస్త్రవేత్తలు నింపిన భద్రతా పత్రాలూ తీసి చూశాను, ఏ ఒక్కరూ ఈ సంగతి రాయలేదు. అందరూ పద్నాలుగో ప్రశ్నకు 'లేదు' అనే పెట్టారు.

*

సమావేశం రోజున తెర మీద ఆరు దేశాలు. భుజంగరావు గారు మొదట మాట్లాడారు. తర్వాత నా వంతు. మామ ఉమ్మి పరీక్ష చూపించాను. ఆయన నిద్రపోయి అరవై ఏడు రోజులైందని చెప్పాను. వానో కట్టి విప్పుతున్న గోడ గురించి చెప్పాను. పుల్లలు పళ్ళ మధ్య పెట్టుకునే ముఠాల గురించి చెప్పాను, ఎవరి పేర్లూ చెప్పకుండా.

ఆమోదం ఇవ్వాల్సిన పెద్దాయన నా పత్రం తీసి చూశాడు. "ఇక్కడ 'లేదు' అని ఉందే. ఈ అలవాటు అప్పటికి మీకు తెలియదా?"

తెలియదంటే సరిపోయేది. ల్యాబు తప్పు కాకుండా పోయేది, నా ఉద్యోగం మిగిలేది. భుజంగరావు గారు నా వైపు చూడలేదు, బల్ల వైపు చూస్తున్నారు.

"తెలుసు" అన్నాను. "నాకు ఏడేళ్ళప్పటి నుంచి తెలుసు. మీరు నవ్వుతారని రాయలేదు."

ఎవరూ నవ్వలేదు. పావుగంటలో అంతా ముగిసింది. జాగారం ఆగింది. నాలుగు దేశాల పరీక్ష తోటలు వేళ్ళతో సహా పీకి కాల్చేయాలి. నన్ను ఆ పూటే పక్కన పెట్టారు. బయటికొస్తుంటే మెట్ల దగ్గర భుజంగరావు గారు ఆగి, "ముందే రాసుంటే ఒక్క ఏడాదే కదమ్మా ఆలస్యమయ్యేది" అన్నారు. ఆ ఒక్క మాటే అని దిగిపోయారు. ఆయన గొంతులో కోపం లేదు, ఏడుపుంది. నేను అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను.

మామను ఆస్పత్రిలో చూపించాం. ఆ సూక్ష్మజీవి తల దాకా పోయిందట. అది తీగ నీటి నుంచే వచ్చిందని డాక్టర్లు మామకూ చెప్పారు. వానోకూ, మామకూ ఒకే మందు మొదలుపెట్టారు, రోజూ పొద్దున ఒక ఇంజెక్షన్. పనిచేస్తే ఆగస్టు కల్లా తెలుస్తుందన్నారు. మామ ఆగస్టు దాకా ఉంటాడా అని నేను అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు.

*

తూముగూడలో తీగలు పీకడానికి మనుషులొచ్చిన రోజు ఎండ దంచేస్తోంది. పాత అనాబ్ షాహి తీగ కూడా పోవాలి, ఒకే కత్తెర తగిలింది కాబట్టి దానిలోకీ మా బలం ఎక్కిన జాగారం చేరింది. జేసీబీ తెచ్చినతన్ని మామ చెయ్యెత్తి ఆపేశాడు.

"ఆగు. నేను గోస్త. నలభై ఆరేండ్లు గోసిన, ఇయ్యాల నువ్వెవ్వనివిరా?"

అతను ఇంజను ఆపేశాడు. పందిరి కిందికి వెళ్ళి మొదటి కొమ్మ కోశాడు. నీళ్ళు పెట్టకపోయినా ఒక చుక్క ఊరింది. మామ అలవాటుగా తీగను నోటి దగ్గరకు వంచాడు, వంచి ఆగిపోయాడు. నా వైపు తిరిగాడు.

"ఆ దినం నువ్వు నా పక్కనే ఉంటివి గద బిడ్డా" అన్నాడు.

ఈ మాట ఎప్పుడో వస్తుందని నాకు తెలుసు. "ఉన్న మామా. చూసిన. కాగితంల రాయాల్సింది, రాయలె. సిగ్గనిపించింది."

"సిగ్గా? ఎవ్వల జూసి?"

"నిన్ను జూసి."

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ కొమ్మ వదిలేసి ఇంకోటి కోశాడు, తర్వాత ఇంకోటి. రెండు గంటలు ఆపకుండా కోస్తూనే ఉన్నాడు, మనుషులు మోసుకెళ్ళి మంటలో వేస్తూనే ఉన్నారు. నా మొహం చూడలేదు. ఆయన తిట్టి ఉంటే, కత్తెర విసిరికొట్టి ఉంటే నేను తట్టుకునేదాన్ని. మధ్యాహ్నానికి పందిరి మీద ఆకాశం కనబడుతోంది. మొదలు పెకిలించేటప్పుడు మాత్రం మామ ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

నేను అరుగు మీద నులకమంచంలో కూర్చున్నాను. సమావేశం నుంచి నాలుగు రోజులుగా నాకూ కన్ను మూతపడలేదు. జాగారం నాలో లేదు, పరీక్ష చేయించుకున్నాను. ఉన్నా బాగుండును అనిపించింది. తలెత్తి చూస్తే మామ భుజాన తువ్వాలుతో వచ్చి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద కదులుతూనే ఉన్నాయి, కోయడానికి ఏదో వెతుక్కుంటున్నట్టు.

"మొఖమెట్లయింది జూడు. ఎన్నొద్దులైంది పండుకోక?"

"నువ్వు గిట్లుంటే నేనెట్ల పండుకుంట మామా?"

"నాతోని నీకెందుకు?" అన్నాడు విసుగ్గా. నా భుజం పట్టి మంచం మీదికి ఒరిగించాడు. చిన్నప్పుడు ఎంత గట్టిగా పట్టేవాడో అంతే గట్టిగా. తువ్వాలు తీసి నా మొహం మీద ఈగల్ని తోలడం మొదలుపెట్టాడు. "నేనెట్లనో మేలుకోనే ఉంట. నువ్వు పండుకో బిడ్డా."

వద్దని లేవాలనుకున్నాను. లేచి, ఆ తువ్వాలు లాక్కుని, నేనే ఆయనకు విసరాలనుకున్నాను. కానీ సిగ్గూ ఎగ్గూ లేని ఈ ఒంటికి తల ఆనగానే నిద్ర పట్టేసింది.

మెలకువ వచ్చేసరికి పొద్దు వాలిపోయింది. మామ స్టూలు మీద అలాగే కూర్చుని ఉన్నాడు. తువ్వాలు ఊపుతూనే ఉన్నాడు.